ఆరు నెలల లెక్క

అక్కా, ఈ మాట కూడబలుక్కుని చదవండి. వ-కా-ల-తు-నా-మా. కోర్టులో మన తరఫున మాట్లాడమని వకీలుకు మనం రాసిచ్చే కాగితం ఇది.

మా రాత్రి బడికి వచ్చే ఒక అక్క గద్వాల దిక్కు సీడ్ పత్తి చేనులో క్రాసింగ్ పనికి పోతుంటది. ఒకరోజు ఎర్రవల్లి దగ్గర ఆమె ఎక్కిన ఆటోను కారు గుద్దింది. అక్క చెయ్యి విరిగింది. దవాఖానలో ఉండగానే ఎవరో ఒకాయన వచ్చిండు. "నీకు పైసలు ఇప్పిస్త. వచ్చిన దాంట్లో సగం నాది. ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అన్నడు. అక్క కాగితం చూసింది. పైన వకాలతునామా అని ఉంది. కింద అంతా ఖాళీ. "ఖాళీ కాగితం మీద నేను సంతకం పెట్ట" అన్నది. విరిగింది ఎడమ చెయ్యి. సంతకం పెట్టే చెయ్యి బాగానే ఉంది మరి!

వచ్చిన పైసల్లో వాటా అడగడం వకీళ్ళ నియమాలకే విరుద్ధం. ఫీజు ఎంతో ముందే మాట్లాడుకోవాలి. ఆడవాళ్ళకు ఆ ఫీజు కూడా అక్కరలేదు. 1987 నాటి చట్టం ప్రకారం, ఆస్తి ఎంత ఉన్నా లేకున్నా, ప్రతి స్త్రీకి ఉచితంగా వకీలును ఇవ్వాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. 15100 కు ఫోను చేసినా చెప్తారు.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపల దరఖాస్తు పెట్టాలి. ఈ గడువు మీద సుప్రీం కోర్టులో కేసు ఉంది. ఆలస్యమైందని దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో ఆ కోర్టు చెప్పింది. అందుకని గడువు దాటినవాళ్ళు కూడా ఆశ వదలకుండా వకీలును అడగాలి. కొత్తగా దెబ్బ తగిలినవాళ్ళు మాత్రం ఆరు నెలలనే లెక్కలో పెట్టుకోండి.

ఒకప్పుడు జిల్లా కోర్టుకు పాలమూరు పోవాల్సి వచ్చేది. 2022 జూన్ నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో వేరువేరు జిల్లా కోర్టులు వచ్చాయి. ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండే చోట దరఖాస్తు పెట్టవచ్చు.

2013 అక్టోబరు 30న కొత్తకోట దగ్గర పాలెం వద్ద బస్సు కాలి 45 మంది చనిపోయారు. పేపర్లన్నీ రాశాయి. కూలోళ్ళ ఆటో బోల్తా పడితే ఎవరు రాస్తరు? మన కాగితాలు మనమే దాచుకోవాలి. పోలీసుల ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇస్తారు. దవాఖాన చీటీలు, మందుల బిల్లులు, బండి నంబరు కూడా పెట్టుకోండి.

గుద్దిన బండి దొరక్కపోతే? అప్పుడూ దారి ఉంది. చనిపోతే 2 లక్షలు, పెద్ద దెబ్బ తగిలితే 50 వేలు సర్కారు పథకం కింద వస్తాయి. తహసీల్దారు ఆఫీసులో అడగండి.

నోటుబుక్కులో రాయండి: ప్రమాదం సెప్టెంబరు 10న జరిగింది. దరఖాస్తు ఏ తేదీ లోపల పెట్టాలి?