లప్పం కింద దాగిన తుప్పు

అమరావతిలో ఒకాయన పాత అంబాసిడర్ కారు కొన్నాడనుకుందాం. తెల్లరంగు తళతళా మెరిసిపోతోంది. ఎక్కడా చిన్న సొట్టయినా లేదు. ఇంటికి తెచ్చుకున్న నాలుగో రోజున టైరు పంక్చరైంది. తలుపు కింద జాకీ పెట్టి తిప్పాడు. కారు పైకి లేవలేదు సరికదా, జాకీయే కరకరమంటూ కారులోకి దూరింది! గోధుమరంగు పొడి బుట్టెడు రాలింది.

ఎందుకిలా జరిగింది? పైన అద్దంలా ఉన్న కారు లోపల అప్పడంలా ఎలా మారింది?

ముందు అంబాసిడర్ సంగతి చూద్దాం. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు దీనికి మూలం. పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు దీన్ని 1950ల చివరి నుంచి 2014 వరకు తయారు చేశారు. కలెక్టరుగారి దగ్గర్నుంచి పెళ్ళికొడుకు దాకా అందరూ ఎక్కిన కారు ఇది. ఇప్పుడు తయారు కాకపోయినా, ముచ్చటపడి బాగు చేయించుకుని నడుపుకొనేవారు ఉన్నారు.

లారీని ఎప్పుడైనా కిందనుంచి చూశారా? రెండు బలమైన ఇనుప దూలాలు పొడుగునా కనిపిస్తాయి. అదే ఛాసిస్. బరువంతా దాని మీదే. అంబాసిడర్‌కు అలాంటి విడి ఛాసిస్ లేదు. నేలరేకు, తలుపుల కింద పొడుగునా ఉండే పెట్టెల్లాంటి దూలాలు, కప్పును మోసే స్తంభాలు, ఇవన్నీ ఒకదానికొకటి వెల్డింగుతో అతికి, కలసికట్టుగా బరువు మోస్తాయి. అంటే ఇందులో రేకు ఒంటిమీద చొక్కా లాంటిది కాదు, అదే ఎముక!

ఆ రేకు మందం ఎంతో తెలుసా? సుమారు ఒక మిల్లీమీటరు. ఇంత పలచని రేకు అంత బరువు ఎలా మోస్తుంది? ఒక చిన్న ప్రయోగం చేసి చూడండి. ఖాళీ అగరువత్తుల అట్టపెట్టె తీసుకోండి. మూతలు అతికించి, రెండు చివరలా పట్టుకుని మెలితిప్పండి. అంత తేలిగ్గా తిరగదు. ఇప్పుడు ఒక అంచు వెంబడి బ్లేడుతో పొడుగునా చీల్చండి. మళ్ళీ తిప్పండి. తడిగుడ్డలా మెలితిరిగిపోతుంది! అట్ట అదే, బరువూ అదే. పోయిందల్లా పెట్టె మూసి ఉండటం. బలం రేకులో ఎంత ఉందో, మూసి ఉన్న ఆకారంలోనూ అంత ఉంది. తలుపుల కింది దూలం ఇలాంటి పెట్టే. తుప్పు దాని కింది అతుకును తినేసిందంటే, మీరు చీల్చిన అట్టపెట్టెకూ దానికీ తేడా లేదు.

మరి తుప్పు ఎలా పుడుతుంది? ప్రకృతిలో ఇనుము ఎక్కువగా ఆక్సిజన్‌తో కలిసే దొరుకుతుంది. ఒంగోలు దగ్గర కొణిజేడు కొండల్లోని ఇనుప ఖనిజం కూడా అలాంటిదే. కొలిమిలో బొగ్గుతో మండించి ఆ ఆక్సిజన్‌ను విడదీస్తేనే ఇనుము వస్తుంది. అవకాశం దొరికితే చాలు, ఇనుము మళ్ళీ ఆక్సిజన్‌తో కలిసిపోతుంది. ఆ అవకాశం ఇచ్చేది నీరు.

తడిసిన రేకు మీద చిన్న విద్యుద్ఘటం తయారవుతుంది. ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతాయి. ఆ ఎలక్ట్రాన్లు రేకు వెంట ఇంకోచోటికి పోయి, అక్కడి నీటినీ ఆక్సిజన్‌నూ కలుపుతాయి. కరిగిన ఇనుము మరికొంత ఆక్సిజన్‌తో చేరి తుప్పవుతుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా సులువుగా ప్రవహిస్తుంది. అందుకే చీరాల, బాపట్ల వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

ఇక మన పత్తి, మిరప చేల దారుల్లో నల్లరేగడి ఉండనే ఉంది. వానాకాలం ఆ బురద చక్రాల వెనుక, రేకుల మూలల్లో ముద్దగా అంటుకుంటుంది. రేగడి నీటిని చప్పున వదలదు. పైన రోడ్డు ఆరినా, లోపల రేకు తడిగానే ఉంటుంది. ఇంకో వింత చూడండి. బురద కింద గాలి తక్కువ, పక్కన గాలి ఎక్కువ. గాలి తక్కువగా ఉన్న చోటే ఇనుము ఎక్కువగా కరుగుతుంది! కాబట్టి కంటికి కనపడని చోటనే రేకు ముందు చిల్లి పడుతుంది.

ఆ చిల్లిలో లప్పం కూరి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేస్తే ఒక్క రోజులో కారు కొత్తదైపోతుంది. కానీ లప్పం చూపుకు చిల్లిని మూస్తుందే గాని, బరువు మోయదు. కింద తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఇది కేవలం డబ్బు నష్టం కాదు. పక్కనుంచి మరో బండి గుద్దితే, ఆ దెబ్బను తట్టుకోవలసింది ఈ దూలమే. లోపల కూర్చున్నవాళ్ళ ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉంటాయి.

సరైన మరమ్మతు ఎలా ఉంటుంది? మంచి పనివాడు ముందు స్క్రూడ్రైవరుతో రేకును పొడిచి చూస్తాడు. పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ తీసేస్తాడు. వెల్డింగు నిప్పురవ్వకు పెట్రోలు ఆవిరి చాలు. కారును నాలుగువైపులా సమంగా నిలబెట్టి, తలుపుల ఖాళీలో అడ్డంగా ఇనుప కడ్డీలు తాత్కాలికంగా అతుకుతాడు. ఇది మరిచిపోతే, దూలం కోయగానే కారు నడుము కిందికి వంగుతుంది. ఆ వంకరలోనే కొత్త రేకు అతికితే తలుపులు ఇక సరిగా పడవు.

తరువాత తుప్పు ఉన్నంతవరకే కాదు, నిండు మందంతో మెరిసే ఇనుము కనిపించేదాకా కోస్తాడు. ఆ ఖాళీకి సరిపడే ముక్కను అదే మందం రేకుతో, అదే మడతలతో తయారు చేస్తాడు. ఇంకా దళసరి రేకు వేస్తే మరీ గట్టిగా ఉండదా అంటారేమో. దళసరి రేకు కరిగేలోగా పక్కనున్న పలచని రేకు కాలి చిల్లిపడుతుంది! అతుకు కూడా ఒక్క వరసలో లాగడు. ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెడుతూ, మధ్యలో చల్లారనిస్తూ ఖాళీలు పూరిస్తాడు. లేకపోతే వేడికి రేకు వ్యాకోచించి అలలు తేలుతుంది.

చివరికి బయట ప్రైమరు, రంగు. పెట్టె లోపలికి సన్నని గొట్టంతో మైనం వంటి ద్రవం చిమ్మాలి. అడుగున నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉంచాలి. ఇవి మరిచిపోతే కొత్త రేకుకూ పాత గతే.

ఈ పనులు మీరు సొంతంగా చేయకూడదు సుమా! వెల్డింగు వెలుగును వట్టి కళ్ళతో చూడనే కూడదు. అయితే మీరు చేయగల పరీక్ష ఒకటుంది. ఒక అయస్కాంతాన్ని పలచని గుడ్డలో చుట్టి, యజమానిని అడిగి, పాత కారు అంచుల వెంబడి జరపండి. రేకు ఉన్నచోట అతుక్కుంటుంది. లప్పం దళసరిగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. రంగు మన కళ్ళను మోసం చేయగలదు గాని, అయస్కాంతాన్ని చేయలేదు కదా!

ఆలోచించండి: వాన వెలిసిన మర్నాడు కారు పైభాగం కడగటం మంచిదా, అడుగుభాగం కడగటం మంచిదా? ఎందుకు?