చంద్రుడి నుంచి తిరుగు దారి

ఊత్తుకోట

భార్గవీ,

నీ హాస్టలు తిండి సంగతి అవ్వ వేరే కాగితంలో రాస్తుందట, దాంట్లో నేను తల దూర్చను.

మొన్న ఫోనులో నువ్వు అడిగినదానికి సగం జవాబు చెప్పేలోపే క్లాసుకు టైమైందని పెట్టేశావు. అందుకే కాగితం తీశాను. 1969లోనే మనిషి చంద్రుడి మీద దిగుంటే, ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని ఇన్నేళ్ళుగా ఎవరూ మళ్ళీ ఎందుకు దిగలేదు, అసలు అప్పుడు పోయిందే అబద్ధమేమో అని కదా నీ అనుమానం. నీ స్నేహితురాలు పంపిన వీడియో కూడా ఓపిగ్గా చూశాను. గాలి లేనిచోట జెండా ఎట్లా ఊగుతుందని అంతసేపు గొంతు చించుకున్నాడాయన. జెండా వాలిపోకుండా పైన అడ్డకడ్డీ పెట్టారు, పాతేటప్పుడు దాన్ని కదిపారు, గాలి అడ్డం లేదు కాబట్టి ఊపు తొందరగా ఆగలేదు. ఒక్క ముక్కలో పోయే సంగతి.

నేను బజారులో రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. మాట చెప్తే నమ్మను, సామాను చూపిస్తే నమ్ముతాను. ఇక్కడ సామాను ఉంది. అపోలో ఓడల్లో పోయి ఆరుసార్లు దిగినవాళ్ళు మొత్తం 382 కిలోల రాయీ మట్టీ తెచ్చారు. దాన్ని ఇనప్పెట్టెలో దాచుకోలేదు, దేశదేశాల పరిశోధకులకు పంచారు. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో మనవాళ్ళు కూడా పరీక్షించారు. ఇక 2019 జులై 22 మధ్యాహ్నం మన మిద్దె మీద నుంచి నీకు చూపించిన రాకెట్టు గుర్తుందా? అందులో పోయిన చంద్రయాన్-2 ఇప్పటికీ చంద్రుడి చుట్టూ తిరుగుతోంది. అపోలో 11 వాళ్ళు అక్కడ వదిలేసి వచ్చిన తమ బండి అడుగుభాగాన్ని దాని కెమెరా ఫొటో తీసింది. అమెరికా మాట మనకెందుకు, శ్రీహరికోట నుంచి పోయిన కన్ను చూసొచ్చింది. వీడియో సంగతి ఇంతటితో వదిలేద్దాం.

నీ ప్రశ్నలో మొదటి సగం మాత్రం గట్టిది. దాని గురించే నా బాధంతా.

శ్రీహరికోట మనకు ఈశాన్యంగా, గీత గీసినట్టు లెక్కేస్తే అరవై కిలోమీటర్లలోపే. ప్రయోగం రోజున వీధి వీధంతా మిద్దెలెక్కుతుంది. నిప్పు లేస్తుంది, పొగ లేస్తుంది, గాలి మనవైపుంటే మూడు నిమిషాలకు కాస్త అటూఇటూగా లీలగా ఉరుము వినిపిస్తుంది. ఆ ఉరుము వచ్చేలోపే సగంమంది దిగి వెళ్ళిపోతారు. పైకి పోయిందా, పోయింది, చాలు. చంద్రుడి కథను కూడా లోకం ఇట్లాగే చూసింది. పోవడం చూసింది, కాలు పెట్టడం చూసింది. నన్నడిగితే ఆ కథలో అసలు కష్టమంతా తిరిగి రావడంలో ఉంది. మనుషులు దిగడం ఆగిపోయిన కారణమూ అందులోనే చాలావరకు ఉంది.

బావిలో పూడిక తీయడానికి మనిషిని దించేటప్పుడు పెద్దవాళ్ళు ముందు ఏం చూస్తారు? తాడు. పైన ఎవడు నిలబడి పట్టుకుంటాడని. అపోలో పథకం మొదట్లో పెద్ద రాకెట్టును యథాతథంగా చంద్రుడి మీద దించి, దాన్నే మళ్ళీ లేపుకొద్దామని అనుకున్నారు. జాన్ హూబోల్ట్ అనే ఇంజినీరు అడ్డం తిరిగాడు. తిరిగొచ్చేటప్పుడు కావలసిన ఇంధనాన్నీ సముద్రంలో దిగే పెట్టెనూ కిందికి దించి మళ్ళీ పైకి మోయడం ఎందుకు, పెద్ద ఓడను చంద్రుడి చుట్టూ తిరగనిచ్చి, చిన్న బండిలో ఇద్దరు దిగి, పని చూసుకుని పైకొచ్చి ఓడను కలుసుకుంటే సరిపోతుంది కదా అన్నాడు. బావి గట్టున ఒకణ్ణి నిలబెట్టడమే. రెండు బండ్లు భూమికి అంత దూరంలో ఒకదాన్నొకటి పట్టుకోలేకపోతే దిగినవాళ్ళ గతేంటని పెద్దపెద్దవాళ్ళే మొదట భయపడ్డారు. చివరికి 1962లో ఆయన మాటే నెగ్గింది. అపోలో 11లో అట్లా గట్టున నిలబడినవాడు మైకేల్ కాలిన్స్. మూడో మనిషిగా ఆయన పేరు చాలామందికి గుర్తుండదు, నాకు మాత్రం ఆ ముగ్గురిలో ఆయన మీదే గౌరవం ఎక్కువ.

ఆ రోజులు నాకు బాగానే గుర్తు. బడికి పోయే వయసు. మద్రాసుకే టీవీ 1975లో గానీ రాలేదు, ఇక ఊత్తుకోటకెక్కడ! షార్ట్‌వేవులో వాయిస్ ఆఫ్ అమెరికా దొరికితే అదృష్టం. మన లెక్కలో జులై 21, సోమవారం. ఈగిల్ అనే ఆ చిన్న బండి దిగింది రాత్రి 1:47కి, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు పెట్టింది పొద్దున 8:26కి. తమాషా ఏమంటే, ఆ రెండు వేళల్లోనూ మన ఆకాశంలో చంద్రుడు లేడు. రాత్రి దిగేసరికి అస్తమించాడు, పొద్దున నడిచేసరికి ఇంకా ఉదయించలేదు. సాయంత్రం మాత్రం దాదాపు అర్ధచంద్రుడు నెత్తిమీదున్నాడు, ఆ ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. రాత్రి 11:24కి గానీ బయల్దేరలేదు. మా అమ్మ వాకిట్లోకొచ్చి చంద్రుణ్ణి చూసి కొంగు సర్దుకుంది, పైన మగవాళ్ళున్నారు గదా అని.

ఆ బయల్దేరడం గురించి చెప్పాలి. ఇది నా రంగానికి దగ్గరి సంగతి. ఈగిల్‌కు పైకి లేపే ఇంజను ఒక్కటే. అది చెడితే ఇంకోటి లేదు. అందుకే దాన్ని ఎంత మొరటుగా చెయ్యగలిగితే అంత మొరటుగా చేశారు. తిరిగే పంపుల్లేవు, అంటించే నిప్పు లేదు. రెండు ద్రవాలు, హీలియం ఒత్తిడి, కవాటాలు. ఆ ద్రవాలు ఒకదాన్నొకటి తాకితే చాలు మండుతాయి. మన పీఎస్ఎల్వీ రాకెట్టు రెండో అంచెలోనూ అదే జాతి ద్రవాలు పోస్తారు. చెడిపోయే భాగం తక్కువుంటే చెడిపోయే అవకాశం తక్కువ, ఇది మా వాల్వు రేడియోల కాలం నుంచీ ఉన్న న్యాయమే. అంత చేసినా ఏమైంది? నడక ముగించి లోపలికొచ్చాక చూస్తే, ఆ ఇంజనుకు కరెంటు ఇచ్చే సర్క్యూట్ బ్రేకరు మీట విరిగి నేల మీద పడుంది. వీపున మోసిన మూట తగిలి విరిగినట్టుంది. ఆర్మ్‌స్ట్రాంగ్‌తో దిగిన ఆల్డ్రిన్ తన దగ్గరున్న ఫెల్ట్ పెన్నును ఆ కన్నంలోకి దూర్చి నొక్కాడు, పనిచేసింది. చంద్రుడి మీద జరిగిన పనులన్నిట్లో నాకు నచ్చిన రిపేరు అదే. ఒకవేళ లేవలేకపోతే చదవడానికి అధ్యక్షుడు నిక్సన్ కోసం సంతాప ప్రసంగం ముందే రాసి పెట్టారు. రాసినవాడు విలియం సఫైర్. తిరిగి రావడం ఖాయమని వాళ్ళకీ నమ్మకం లేదని దాన్నిబట్టే అర్థం చేసుకో.

అదే రాత్రి రష్యావాళ్ళ లూనా 15, మనిషి లేని బండి, అమెరికావాళ్ళ కంటే ముందు మట్టి తేవాలని పోయి, వీళ్ళు లేవడానికి రెండు గంటల ముందు చంద్రుడికి గుద్దుకుని పోయింది. ఆ తరువాతి సంవత్సరం లూనా 16 గుప్పెడు మట్టి తెచ్చింది, నూరు గ్రాములకు కాస్త ఎక్కువ.

ఇక ఖర్చు లెక్క చూడు. అపోలో 11తో కేప్ కెనెడీ నుంచి లేచిన శాటర్న్-5 రాకెట్టు 110 మీటర్ల ఎత్తు, దగ్గరదగ్గర 3,000 టన్నుల బరువు. జులై 24న పసిఫిక్ సముద్రంలో పడ్డది అయిదు టన్నుల పెట్టె, అందులో ముగ్గురు మనుషులు. మిగతాదంతా దారిలో కాల్చేసిందీ పారేసిందీ. ఆ పెట్టె కూడా సెకనుకు 11 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూరాలి. వాలు ఎక్కువైతే బూడిద, తక్కువైతే గాలికి తగిలి మళ్ళీ బయటికి. ఇప్పుడు చెప్పు, ఈ ఖర్చు ఎన్నిసార్లు పెట్టగలరు?

పందెం నెగ్గేదాకా పెట్టారు. 1966 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వం పెట్టే ప్రతి నూరు డాలర్లలో నాలుగైనా నాసాకే పోయేవి. రష్యావాళ్ళ పెద్ద రాకెట్టు ఎన్-1 నాలుగుసార్లు లేపితే నాలుగుసార్లూ పేలింది. ఎదుటివాడు పడిపోయాక పరిగెత్తేవాడు ఎందుకు ఆయాసపడతాడు? వియత్నాం యుద్ధం ఖర్చు ఒకపక్క. 1970లోనే అపోలో 18, 19, 20లను కొట్టేశారు. 1972 డిసెంబరులో అపోలో 17తో సరి. అప్పటికి నడిచినవాళ్ళు పన్నెండుమంది. చివరి జట్టులో గానీ ఒక రాళ్ళ శాస్త్రవేత్తను, హారిసన్ ష్మిట్‌ను, పంపలేదు. రాళ్ళు ఏరడానికి పోయే పనికి రాళ్ళు తెలిసినవాణ్ణి ఆఖర్న పంపడం చూస్తే, అది శాస్త్రం కోసం మొదలైన పని కాదని తెలిసిపోతుంది. నేను దాన్ని తక్కువ చెయ్యడం లేదు, ఉన్నమాట.

అయినా ఆ రాళ్ళే మిగిలాయి చూడు. అపోలో 15లో స్కాట్, ఇర్విన్ అనే ఇద్దరు తెల్లటి రాయి ఒకటి ఏరుకొచ్చారు. అనార్థొసైట్ జాతి, 400 కోట్ల ఏళ్ళు దాటిన వయసు. చంద్రుడి మెట్టప్రాంతాల నేల అట్లాంటిదని దాంతో ఇంకా రూఢి అయింది. ఎన్నో ఏళ్ళ తరువాత మన ఇస్రోవాళ్ళు లాండరు కాళ్ళనూ రోవరు చక్రాలనూ పరీక్షించడానికి అటువంటి మట్టి కోసం వెతికితే ఎక్కడ దొరికిందో తెలుసా? మన తమిళనాడులోనే, నామక్కల్ జిల్లా సిత్తంపూండి, కున్నమలై ఊళ్ళలో. ఆ రాయిని టన్నుల లెక్కన పొడికొట్టించి బెంగళూరు తీసుకుపోయారు. ఆ ఇద్దరూ తిరిగి రాకపోయుంటే నామక్కల్ రాయి చంద్రుడి రాయికి చుట్టమని మనకు చెప్పేదెవరు?

తిరుగు దారిలో పోయినవాళ్ళ సంగతి నీకు కొత్త కాదు. 1971లో సోయుజ్ 11లో ముగ్గురు రష్యన్లు దిగివస్తూ ఊపిరాడక పోయారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లా ఇంకో పావుగంటలో నేల మీద ఉండాలి. మొన్నమొన్న, 2022లో, నాసావాళ్ళు ఆర్టెమిస్ పేరుతో మనుషుల్లేని ఓడను చంద్రుడి చుట్టూ తిప్పి తెచ్చారు. పోవడం బ్రహ్మాండంగా పోయింది, తిరిగొచ్చాక చూస్తే వేడికి అడ్డంపెట్టిన కవచం అనుకోని విధంగా పెచ్చులూడి ఉంది. దాంతో మనుషుల్ని పంపే ప్రయాణం వెనక్కి జరిగింది. కంప్యూటర్లు ఎన్నున్నా కవచం కాలే తీరు మారదమ్మా. నీ ప్రశ్నకు నా జవాబు ఇదే.

మన శ్రీహరికోట కథను కూడా ఇట్లా చదువుకుంటే వేరేగా కనిపిస్తుంది. ఆర్మ్‌స్ట్రాంగ్ నడిచిన తరువాతి నెలలోనే, 1969 ఆగస్టు 15న, ఇస్రో పుట్టింది. అదే ఏడాది ఆ దీవిని రాకెట్ల కోసం ఎంచుకున్నారు. అక్కడి యానాదులు ఇల్లూ వాకిలీ వదులుకోవలసి వచ్చింది, ఈ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఆ మాట కూడా చెప్పాలి. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చినవన్నీ పైకి పోయినవే. నేను దాచుకున్న కత్తిరింపు మాత్రం 2007 జనవరిది. పీఎస్ఎల్వీలో పోయిన 550 కిలోల పెట్టె పన్నెండు రోజులు తిరిగి, 22వ తేదీన శ్రీహరికోటకు తూర్పున బంగాళాఖాతంలో పడి, చెక్కుచెదరకుండా దొరికింది. అంతరిక్షం నుంచి మనం తిరిగి రప్పించుకున్న మొదటి వస్తువు అది. దానికి ఊళ్ళో ఎవరూ మిద్దెక్కలేదు.

చంద్రయాన్-3 దిగిన సాయంత్రం, 2023 ఆగస్టు 23న, మన వీధిలో టపాకాయలు కాల్చారు. నేనూ కాల్చాను. కానీ సెప్టెంబరు 3న దాని లాండరు విక్రమ్ ఇంజన్లను మళ్ళీ వెలిగించి 40 సెంటీమీటర్లు లేచి పక్కన దిగింది చూడు, నాకు అది ఇంకా పెద్ద వార్త. రెండు జానల కంటే పెద్ద ఎగురుడేం కాదు, అయినా చంద్రుడి నేల మీద నుంచి మనది ఒకటి లేచింది. 2025 జనవరి 16న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ ఆకాశంలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. హూబోల్ట్ అడిగిన విద్య అదే కదా. చంద్రుడి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు 2024లో కేంద్రం 2,104 కోట్లు మంజూరు చేసింది. అందులో దిగే బండి, లేచే బండి, పట్టుకునే బండి, భూమికి దిగే పెట్టె అన్నీ వేర్వేరు. భారతీయుణ్ణి 2040 నాటికి చంద్రుడి మీద దించాలని ప్రభుత్వం గడువు పెట్టుకుంది. అది ముందే అవుతుందో ఆలస్యమవుతుందో నాకు పట్టదు. తిరుగు దారి ముందు వేసుకుని పోతున్నారు, అది నాకు నచ్చింది.

నువ్వు లోహాలు చదువుతానన్నావు, అందరూ కంప్యూటర్ల వైపే పోతుంటే. మీ నాన్న గొణుగుతున్నాడు, గొణగనీ. కవచాలు చేసేది మీరే.

ఇంకో మాట. శ్రీహరికోటలో ప్రజలు కూర్చుని చూడడానికి గ్యాలరీ కట్టారు, ఆన్‌లైన్‌లో పేర్లివ్వాలట. ఆ కంప్యూటరు పని నా వల్ల కాదు. మనవాళ్ళను అంతరిక్షానికి పంపే గగన్‌యాన్ పరీక్ష ప్రయోగం తేదీ ప్రకటించిన రోజే నీకూ నాకూ రెండు సీట్లు పట్టు. నా ఆధార్ నెంబరు అవ్వను అడుగు. సత్యవేడు మీదుగా తడకు పోయి అక్కడి నుంచి సూళ్లూరుపేట బస్సెక్కుదాం. నువ్వు ముందురోజు రాత్రికే ఇక్కడికి వచ్చేయ్.

ఇట్లు
మీ తాత