రీచ్ తగ్గిన రోజుల్లో: పేజీలు నడిపే పిల్లలకు ఏడు అనుభవ పాఠాలు

తిరుపతి, చిత్తూరుల్లో పేజీలు నడిపే పిల్లలు కలిస్తే ఈమధ్య అందరిదీ ఒకటే మాట: "రీచ్ పడిపోయింది సామీ. లక్షల్లో చూసేవాళ్లు, ఇప్పుడు వేలు దాటడమే గగనమైంది." దర్శనం రద్దీకి, గంగమ్మ జాతరకు, మామిడి రేట్లకు, పలమనేరు అడవి దాటి వచ్చే ఏనుగులకు, ఇక్కడ అన్నిటికీ ఒక పేజీ ఉంది. కొన్ని ఇళ్లకు ఆ పేజీయే బతుకుదెరువు. వార్తను కాగితం మీద రాసి బస్సులో పంపిన కాలం నుంచి ఫోన్లో చూసే కాలం దాకా ఈ గడ్డ మీదే ఉన్నవాణ్ణి. చూసి నేర్చుకున్నది మీకు పనికొస్తుందని చెబుతున్నాను.

1. పేజీ అంటే కౌలు సేద్యం

ఎంత చెమటోడ్చినా పట్టా మన పేరున ఉండదు. భూమి గలాయన షరతు మారిస్తే మనం తలొగ్గాల్సిందే. 2018 జనవరిలో మార్క్ జుకర్‌బర్గ్, ఇకపై ఫేస్‌బుక్ ఫీడ్‌లో పేజీల పోస్టుల కన్నా బంధుమిత్రుల పోస్టులకే ముందు చోటు ఇస్తామని ప్రకటించాడు. మరుసటి నెలలోనే అమెరికాలో లిటిల్‌థింగ్స్ అనే పెద్ద ఆన్‌లైన్ మీడియా సంస్థ మూతపడింది. ఫేస్‌బుక్‌లో తమ రీచ్ నాలుగింట మూడు వంతులు పోయిందని వాళ్లు చెప్పారు. 2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పల్లెల్లో పేరు తెచ్చుకున్న పిల్లలకు రాత్రికి రాత్రే ఆ ఫాలోవర్లంతా దూరమయ్యారు.

అందుకే రీచ్ పడిందని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. వ్యూస్ బాగా వచ్చిన నెలను చూసి కారుకు, కెమెరాకు వాయిదాలు కూడా పెట్టుకోవద్దు. ఆ నెల డబ్బులో కొంత పక్కన పెట్టండి.

2. ఎక్కడ పడిందో ముందు చూడండి

2014లోనే ఫేస్‌బుక్ ఒక లెక్క చెప్పింది. ఒక మనిషి లాగిన్ అయిన ప్రతిసారీ చూపించదగిన పోస్టులు సగటున 1,500 ఉంటాయి, వాటిలో 300 దాకా ఏరి చూపిస్తాం అని. అప్పటికి జియో లేదు, రీల్స్ లేవు. 2016లో జియో వచ్చాక ఊరూరా చేతిచేతికీ కెమెరా వచ్చింది. పోస్టులు ఎన్నో రెట్లు పెరిగాయి, చూసేవాడికి రోజుకు ఇరవై నాలుగు గంటలే ఉన్నాయి. మీ వంతు తగ్గడానికి మొదటి కారణం ఇదే.

ఇక మీ చేతిలో ఉన్నది చూడండి. ఇన్‌సైట్స్ తెరిచి, పాత ఫాలోవర్లు చూడటం తగ్గిందా, కొత్తవాళ్లకు చేరడం ఆగిందా తేల్చుకోండి. కొత్తవాళ్లకు చేరడం ఆగితే పేజీ స్టేటస్‌లో ఏదైనా హెచ్చరిక ఉందేమో వెతకండి. రెండు మూడు సెకన్లకే జనం జారిపోతుంటే మొదటి షాట్‌ను సరిచేసుకోండి. లోగో తిప్పి, నమస్కారం పెట్టి, సబ్‌స్క్రైబ్ చేయమని అడిగేలోపు ఎవరైనా వెళ్లిపోతారు. అంతా చూశాకే బూస్ట్‌కు డబ్బు పెట్టే ఆలోచన చేయండి. ఫాలోవర్లను మాత్రం ఎప్పుడూ కొనొద్దు. ఆ దొంగ లెక్క పెంచడమంటే, ఏ పోస్టు ఎవరికి చూపాలో తేల్చే మిషన్‌కు మీ వీడియో ఎవరికీ నచ్చడం లేదని మీరే చాటి చెప్పినట్టు.

3. అరువు వీడియోకు కాలం చెల్లింది

2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టనబెట్టుకుంది. ఆ తర్వాత కొన్నాళ్లు ఎక్కడ చిరుత కనబడినా పేజీల్లో అది తిరుమలదే అయిపోయింది. ఒక క్లిప్పు నాకు బాగా గుర్తు. మూలన ఒక పేజీ లోగో, దాన్ని మసక చేసి పైన ఇంకొకటి, ఆ పైన మూడోది. వెనక వినబడే కేకలన్నీ కన్నడం. కింద తెలుగులో "ఇప్పుడే తిరుమల ఘాట్‌లో" అని రాసి ఉంది. పిల్లల్ని వెంటబెట్టుకుని మెట్లెక్కుతున్న వాళ్లు దాన్ని చూసి ఎంత హడలిపోయి ఉంటారో ఆలోచించండి.

ఇన్‌స్టాగ్రామ్ 2024 ఏప్రిల్‌లో, కాపీ దొరికితే దాని బదులు అసలు వీడియోనే రికమెండ్ చేస్తామంది. పదేపదే ఇతరుల వీడియోలు పెట్టే పేజీలను 2025 జులై నుంచి ఫేస్‌బుక్ గట్టిగా పట్టుకుంటోంది. అలాంటి పేజీకి మానిటైజేషన్ ఆగుతుంది, అది పెట్టే ప్రతి పోస్టుకూ రీచ్ తగ్గుతుంది.

సొంతంగా తీసిందానికి ఎంత బలముందో మన తెలుగువాళ్లే చూపించారు. గుంటూరు జిల్లా గుడివాడలో వందేళ్లు దాటిన మస్తానమ్మ చెట్టుకింద కట్టెల పొయ్యి మీద వండితే కంట్రీ ఫుడ్స్ ఛానల్‌కు పది లక్షల మంది పైగా చేరారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో గంగవ్వను ఇంటింటికీ పరిచయం చేసింది. వాళ్లు చూపించింది సొంత ఊరినే.

4. భక్తిని, భయాన్ని అడ్డుపెట్టి షేర్లు అడగొద్దు

మీ తాతలను అడగండి. గుళ్లో సర్పం కనబడిందనీ, ఈ కరపత్రం వెయ్యి కాపీలు అచ్చేయించి పంచితే మేలు జరుగుతుందనీ, చించేస్తే కీడు జరుగుతుందనీ రాసిన కాగితాలు బస్టాండ్లలో చేతికిచ్చేవాళ్లు. పేదవాళ్లు కూడా భయంతో అచ్చుకు డబ్బు పెట్టారు. "ఏడుకొండలవాడి భక్తులైతే షేర్ చేయండి" అనే పోస్టు ఆ కరపత్రానికి వారసే. లైకులు, షేర్లు అడుక్కునే పోస్టులను కిందికి నెడతామని ఫేస్‌బుక్ 2017 డిసెంబరులోనే చెప్పింది. కంపెనీ ఊరుకున్నా, స్వామి కొండ కింద బతికే మనం ఆయన పేరుతో జనాన్ని బెదిరించడం తగని పని.

5. మన పోస్టును నమ్మి మనుషులు కదులుతారు

2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు పోయాయి. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్ట బలహీనపడితే దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి రోజున "ఫలానా చోట టోకెన్లు ఇస్తున్నారు", "చెరువు తెగింది" అని ఒక్క తప్పు మాట పెడితే వేల కాళ్లు పరుగెడతాయి. ఐదు నిమిషాలు ఆలస్యమైనా అధికారిని అడిగి, లేదా మీరే వెళ్లి చూసి పెట్టండి. పోస్టులో తేదీ, సమయం, చోటు రాయండి. పొరపాటు తేలితే అదే పేజీలో పైన పిన్ చేసి దిద్దండి.

మామూలు రోజుల్లోనూ ఇదే పద్ధతి. 300 రూపాయల దర్శనం టికెట్ల కోటా టీటీడీ నెలనెలా ముందుగా వదులుతుంది. దాని తేదీ, అసలు వెబ్‌సైట్ ఏది, నకిలీని ఎలా గుర్తుపట్టాలి అని చెప్పే పోస్టును జనం దాచుకుంటారు, ఇంట్లోవాళ్లకు పంపుతారు.

6. మీ ఊరిని వదలొద్దు

2025 వేసవిలో తోతాపురి మామిడి ధర కుప్పకూలింది. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని నిర్ణయించినా, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. బంగారుపాళ్యం వైపు కుర్రాడొకడు పొద్దున్నే బండేసుకుని వెళ్లి, క్యూ ఏ మలుపు దాకా ఉందో, లోపల ఎంత రేటు వేస్తున్నారో, కాయ మెత్తబడిన ట్రాక్టరు ఎన్నో రోజు నిలబడిందో ఫోన్లో తీసి పెట్టేవాడు. అతని వ్యూస్ లక్షలకు పోలేదు. కానీ రైతులు ఆ వీడియో చూశాకే కాయ కోయాలా వద్దా అని నిర్ణయించుకున్నారు. వాళ్లకు అలాంటి కబురు హైదరాబాదులో ఉన్న పేజీ ఎలా ఇస్తుంది?

7. చూసేవాళ్లకు నేరుగా దారి వేయండి

వాట్సాప్ ఛానళ్లు 2023 సెప్టెంబరు నుంచి మన దేశంలో ఉన్నాయి. ఒకటి పెట్టుకోండి. అయితే అదీ ఫేస్‌బుక్ వాళ్లదే కాబట్టి యూట్యూబ్‌లో ఒక కాలు, వీలైతే చిన్న సొంత వెబ్‌సైట్‌లో ఒక కాలు పెట్టండి. తీసిన వీడియోలన్నీ హార్డ్‌డిస్కులో దాచుకోండి. ఊళ్లోని హోటలు, బట్టల కొట్టు, ట్యూషన్ సెంటరు ఇచ్చే ప్రకటనలు నేరుగా తీసుకోండి. అది ప్రకటన అని స్పష్టంగా రాయండి. అబద్ధపు వైద్యానికి, బెట్టింగ్ యాప్‌కు ఎంత ఇస్తామన్నా తలుపు తీయొద్దు.

"పాత రీచ్ మళ్లీ వస్తుందా సామీ?" అని మీరడిగితే, ఎవరిదో క్లిప్పు ఎత్తి పెట్టి లక్షలు చూసిన రోజులు ఇక రావనే చెబుతాను. కానీ "ఆ పేజీలో వచ్చిందంటే నిజమే" అనుకునే పదివేల మంది మీ మండలంలో ఉంటే, ప్రకటనలు అడుగుతూ కొట్టుకొట్టుకూ తిరగక్కర్లేదు, కొట్లవాళ్లే మీకు ఫోన్ చేస్తారు. ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఊళ్లో జనం రోజూ అడిగి తెలుసుకునే విషయం ఒకటి పట్టుకోండి. వెళ్లి చూసి, మీ గొంతుతో చెప్పి, తేదీ వేసి పెట్టండి. వచ్చే వారం మళ్లీ వెళ్లండి.