కుట్లు తీశాక కూడా బరువులెత్తకూడదా?

ప్రశ్న: పొట్ట ఆపరేషన్ అయి పది రోజులైంది. కుట్లు తీసేశారు, నొప్పి లేదు. అయినా బరువులెత్తొద్దంటున్నారు. ఎందుకు?

జవాబు: పైన చర్మం అతుక్కున్నా లోపల మరమ్మతు సాగుతూనే ఉంటుంది. కోత పడిన 24 గంటల్లోపే న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్త కణాలు చేరి సూక్ష్మక్రిములతో పోరాడతాయి. రెండు మూడు రోజులకు మాక్రోఫేజ్‌లు వచ్చి చచ్చిన కణాలను తొలగిస్తాయి. తర్వాత ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ పోగులు అల్లుతాయి. వారానికి గాయానికి వచ్చేది మామూలు చర్మపు బలంలో సుమారు 10 శాతమే. మూడు నెలలకు 70-80 శాతానికి చేరుతుంది. ఈలోగా బరువులెత్తితే కుట్టిన పొట్ట గోడ విచ్చుకుని హెర్నియా రావచ్చు. ఎప్పటినుంచి ఎత్తవచ్చో మీ సర్జన్‌నే అడగండి. గాయం బాగా మానాలంటే, షుగర్ ఉంటే అదుపులో ఉంచుకోండి, పొగతాగే అలవాటుంటే మానండి. గుడ్లు, పప్పులు, జామ, ఉసిరి తినండి. చీము కారినా, జ్వరం వచ్చినా వెంటనే చూపించుకోండి.