కప్పట్రాళ్ల పోస్టు మీ ఫోనుకొస్తే

“సారూ, మన పక్క యురేనియం తవ్తాండారంట గదా, నిజమేనా?” కర్నూలు జిల్లా కోసిగిలో సచివాలయ ఉద్యోగికైనా, బడి పంతులుకైనా, అంగన్‌వాడీ టీచరుకైనా ఇలాంటి ప్రశ్న తప్పదు. సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోయినవాళ్లు ఊరి సంగతులు తెలుసుకునేది వాట్సాప్‌లోనే. అక్కడ మీరు పెట్టిన మాటను సర్కారు మాటగానే తీసుకుంటారు. మిగతావాళ్ల కంటే మీరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సింది అందుకే.

2024 నవంబరు నాటి గొడవనే తీసుకుందాం. ఆదోని అవతల దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో, సుమారు 468 హెక్టార్లలో 68 బోర్లు వేసి యురేనియం వెతకాలన్నది అణు ఖనిజాల డైరెక్టరేట్ ప్రతిపాదన. ఊళ్లు రోడ్డెక్కాయి. బోర్లు వేయబోరని కలెక్టర్ ప్రకటించారు.

ఇప్పుడు మీ గ్రూపులోకి “కప్పట్రాళ్లలో 68 చోట్ల యురేనియం తవ్వకాలు మొదలు” అని ఒక పోస్టు వచ్చిందనుకోండి. ఒక్కో మాట విడదీసి చూడండి. ఊరి పేరు నిజం, 68 నిజం. “తవ్వకాలు” దగ్గరే తిరకాసు. బోరు వేసేది లోపలి రాయిని పైకి తీసి పరీక్షించడానికి. గని తవ్వాలంటే లీజు, పర్యావరణ అనుమతి మళ్లీ వేరుగా కావాలి. పచ్చి అబద్ధాన్ని పట్టుకోవడం సులువే. రెండు నిజాల పక్కన కూర్చున్న అబద్ధంతోనే చిక్కు.

అలాగని జనం భయాన్ని పుకారని కొట్టిపారేయొద్దు. తుమ్మలపల్లె గని చుట్టుపక్కల బోరునీళ్లు చెడిపోయాయని కడప జిల్లా రైతులు ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. “అనుమతే ఇవ్వలేదు” అనే పోస్టు వచ్చినా ఇలాగే ఒక్కో మాట విడదీసి చూడాలి. ఎవరు ఇవ్వలేదు, కేంద్రమా, రాష్ట్రమా? దేనికి ఇవ్వలేదు, బోర్లకా, గనికా? మీకు నచ్చిన పార్టీవాళ్లు పెట్టిన పోస్టునైతే ఇంకోసారి చదవండి.

అటవీ భూమి ప్రతిపాదనల కాగితాలు కేంద్రం వారి పరివేష్ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. ఫొటో మీద అనుమానమొస్తే గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, పాతదైతే చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. కేంద్ర ప్రభుత్వ విషయమైతే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ నంబరు 8799711259కి పంపి అడగొచ్చు. రెండు బాణం గుర్తులున్న మెసేజ్ అంటే చాలా చేతులు మారి వచ్చిందని అర్థం. అది అబద్ధమేనని కాదు, మొదట రాసిందెవరో మీకు పంపినవాళ్లకూ తెలియకపోవచ్చు.

ఉద్యోగం సంగతీ మరవొద్దు. ప్రభుత్వ విధానాన్ని బయట విమర్శించడం రాష్ట్ర ఉద్యోగులకు 1964 ప్రవర్తనా నియమావళి ప్రకారం కుదరదు. జనాన్ని రెచ్చగొట్టే వదంతి వ్యాప్తి చేస్తే భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. “నేను రాయలేదు, ఫార్వర్డ్ చేశానంతే” అంటే తప్పించుకోలేరు.

గ్రూపులో జవాబు రాసేటప్పుడు తేదీ వేసి, ఎవరు చెప్పారో రాసి, రెండు వాక్యాల్లో ముగించండి. తెలియకపోతే “కనుక్కుని చెప్తా” అనండి, మొహమాటం వద్దు. అన్నాక మాత్రం కనుక్కుని చెప్పండి.