బండను తట్టి చూసే కొలువు

గోదావరిఖనిలో బొగ్గు బాయి దిగి వచ్చిన పెద్దమనిషిని ఎవరినైనా అడగండి, షిఫ్టు మొదలుకాగానే మైనింగ్ సర్దార్ ముందుగా ఏం చేస్తాడని. చేతికర్ర ఎత్తి పైన బండను తట్టి చూస్తాడు. ఒక చేత్తో తడుతూ రెండో అరచేయి బండకు ఆనిస్తాడు. ఖణేల్‌మంటే పొర గట్టిగా ఉన్నట్టు. డొల్లగా మోగినా, అరచేతికి అదురు తగిలినా పొర విడిందన్నమాట. ఇక దాని కిందికి ఎవరినీ పోనివ్వడు. ఆ బండను కూలగొట్టించో, కింద ఆధారం పెట్టించో, ఆ తర్వాతే మనుషులను లోపలికి పిలుస్తాడు.

ఈ కోల్‌బెల్టు పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండే. నాన్న కొలువు నాకు ఎప్పుడొస్తది? హైదరాబాద్‌ పోయి ఏ కోర్సు నేర్చుకోవాలె? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే మీ ఇళ్లల్లోనే తరాలుగా ఉన్న ఒక విద్య మీ కంటికి ఆనడం లేదని నా బాధ. ముప్పును ముందే పసిగట్టడం, దానికి సిద్ధపడడం ఇవాళ ఒక పూర్తి వృత్తి. దానికి చదువుంది, పరీక్షలున్నాయి, జీతం ఉంది.

ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడిగే తేడా ఒకటుంది, దాన్ని బాయి భాషలోనే చెప్పుకుందాం. నెత్తిమీద విడిన బండ ఉండడం ముప్పు. దాని కింద ఎంతమంది, ఎంతసేపు, ఏ ఆధారంతో పనిచేస్తున్నారన్న లెక్క రిస్క్. అది కూలిన రోజు మన చేతిలో ఉన్న మనుషులు, సాధనాలు సరిపోకపోతే అది విపత్తు. బండ విడడాన్ని మనం ఆపలేం, మిగతా రెండూ మన చేతిలోవే. ఈ ఉద్యోగాలన్నీ ఆ రెండింటి చుట్టూనే తిరుగుతాయి.

2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఆ తేదీలు ఈ ఊళ్లో చాలా ఇళ్లకు సంవత్సరీకాలు. మైనింగ్ చదివేవాళ్లు వాటిని పాఠంగానూ చదవాలి. బొగ్గు తీసేసి వదిలిన పాత గ్యాలరీల్లో ఏళ్ల తరబడి నీళ్లు చేరతాయి. అందుకే పాత పనులకు 60 మీటర్ల లోపల కొత్త పని చేయాలంటే అనుమతి కావాలని, ముందుగా బోరు రంధ్రాలు వేసి చూసుకుంటూ పోవాలని నిబంధన. ఆ 60 మీటర్లు సరిగ్గా ఎక్కడ మొదలవుతాయో చెప్పేది సర్వేయర్ గీసిన ప్లాను. ప్లాను తప్పితే నిబంధన ఉండీ లేనట్టే. సర్వే ఉద్యోగాన్ని చిన్నచూపు చూసే పిల్లలకు నేను ఈ సంగతే చెబుతాను.

ఇక దారులు. పాలిసెట్ రాసి మైనింగ్ డిప్లొమాలో చేరవచ్చు. అది పూర్తయ్యాక ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్, తర్వాత గనుల భద్రతా డైరెక్టరేట్, అంటే ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్, పెట్టే ఓవర్‌మ్యాన్ పరీక్ష. గ్యాస్ టెస్టింగ్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్లు కూడా ఉండి తీరాలి. ఈ రెండింటినీ ఆఖరుకు వాయిదా వేసి నోటిఫికేషన్ వచ్చాక పరుగెత్తేవాళ్లు ఎందరో. ముందే తెచ్చుకోండి. బీటెక్ మైనింగ్‌కు సెంటినరీ కాలనీ దగ్గర జేఎన్‌టీయూ మంథని కాలేజీ ఉంది, కొత్తగూడెం ఉంది, ఇంకా పైకి చూస్తే ధన్‌బాద్ ఐఐటీ ఉంది. అమ్మాయిలకు భూగర్భ గనుల తలుపు 2019లో తెరుచుకుంది. మన దగ్గర ఆడపిల్లలకు పనికిరాదని ఎవరైనా అంటే ఆ ఏడాది గుర్తు చేయండి.

నాకు అన్నిటికంటే గౌరవం రెస్క్యూ వాళ్ల మీద. రోజూ బాయి పని చేసే మనుషుల్లోంచే ఎంపికై శిక్షణ పొందుతారు. వీపు మీద దాదాపు 15 కిలోల ఆక్సిజన్ సెట్టు, అది నాలుగు గంటలు పనిచేస్తుంది. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును లోపలి సున్నపు మందు పీల్చేస్తుంది, మంచుగడ్డ ఆ గాలిని చల్లబరుస్తుంది, అదే గాలికి ఆక్సిజన్ కలిసి మళ్లీ ముక్కుకు అందుతుంది. పొగ నింపిన గ్యాలరీలో, ఉక్కలో పాకుతూ సాధన చేస్తారు. లోపలికి పోవడానికి ఎంత ఆక్సిజన్ ఖర్చయిందో తిరిగి రావడానికి దానికి రెట్టింపు మిగిలి ఉండాలని వాళ్ల లెక్క. మూడో వంతు అయిపోగానే, లోపల ఎవరున్నా సరే, వెనక్కి తిరగాలి. ఆ క్రమశిక్షణ ఎంత కష్టమో ఊహించండి.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుంటే సైన్యం, ఎన్‌డీఆర్‌ఎఫ్‌తో పాటు సింగరేణి రెస్క్యూ బృందాలు కూడా దిగాయి. ఒక్కరినీ ప్రాణాలతో తేలేకపోయారు. ఈ వృత్తికి వచ్చేవాళ్లు అలాంటి రోజులుంటాయని తెలిసే రావాలి. అడ్రియాల గనిలో 2022 మార్చిలో పైకప్పు కూలి చనిపోయిన ముగ్గురిలో ఒకరు భద్రతాధికారి. సేఫ్టీ ఉద్యోగమంటే రిజిస్టర్లు నింపడమే అనుకునేవాళ్లకు ఇంతకంటే ఏం చెప్పను.

బాయి బయట కూడా పని చాలా ఉంది. ఇటు ఎన్టీపీసీ, అటు అమ్మోనియాతో యూరియా చేసే ఎరువుల కర్మాగారం. అమ్మోనియా లీకైతే గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా పక్కకు పోవాలి. అందుకే అలాంటి ప్లాంట్లలో ఎత్తున గాలి సంచి కడతారు. ఆ సంచి ఎందుకో చుట్టుపక్కల కాలనీలకు నేర్పేవాళ్లు కావాలి. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరిన్ లీకైనప్పుడు సైరన్ మోగలేదు, జనం నిద్రలో చిక్కారు. చట్టం వైపు నుంచీ అవకాశం పెరిగింది. పాత ఫ్యాక్టరీల చట్టం వెయ్యి మంది కార్మికులుంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండాలంది. 2020 నాటి వృత్తి భద్రత కోడ్ దాన్ని 500కు, ప్రమాదకర ప్రక్రియలుంటే 250కి దించింది, గనులకు 100గా పెట్టింది.

అగ్నిమాపక ఇంజనీరింగ్‌కు నాగపూర్‌లో జాతీయ కళాశాల ఉంది. విపత్తు నిర్వహణలో ఎంఏకు ముంబై టిస్ మంచి చోటు. ఎన్‌డీఆర్‌ఎఫ్‌లోకి నేరుగా కానిస్టేబుల్‌గా తీసుకోరు, సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్ వంటి బలగాల్లో చేరి డిప్యుటేషన్ మీద వెళ్లాలి. గల్ఫ్ పోయేవాళ్లు నెబోష్ సేఫ్టీ కోర్సు చేస్తున్నారు, మంచిదే. నెల రోజుల్లో సేఫ్టీ ఆఫీసర్‌ను చేస్తామని గోడల మీద రాసే చోట మాత్రం డబ్బు కట్టకండి. నాకు తెలిసిన ఒకబ్బాయి అప్పు చేసి అలా కట్టి, తెచ్చుకున్న కాగితం చూపిస్తే ఇంటర్వ్యూలో పక్కన పెట్టేశారు. సర్టిఫికెట్‌కు ఏ ప్రభుత్వ గుర్తింపు ఉందో అడిగి, కాగితం మీద చూశాకే ముందుకు పోండి.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేనొక పని చెబుతాను. నోట్‌బుక్కు పట్టుకుని మీ వీధి తిరిగి నాలుగు గళ్లు నింపండి: ముప్పు ఏది, దాని దారిలో ఎవరున్నారు, ఎంతసేపు, ఏ ఆధారం ఉంది. 2022 జులై గోదావరి వరద చూసిన మంథని అమ్మాయి ఒకతె మొదటి గడిలో నీళ్లు అని రాసింది. రెండో గడిలో, మా నాయనమ్మ, నడవలేదు. మూడో గడిలో, రాత్రంతా ఒక్కతే, అమ్మానాన్నలకు షిఫ్టు. నాలుగో గడి ఖాళీగా ఉంది. వారం తర్వాత మళ్లీ తెచ్చింది. పక్కింటి ఇద్దరన్నల పేర్లు, వాళ్ల ఫోన్ నంబర్లు, మోసుకుపోవడానికి నులక మంచం, పోవాల్సిన మేడ ఇల్లు, అన్నీ రాసి ఉన్నాయి. ఆ అమ్మాయి ఇప్పుడు మైనింగ్ డిప్లొమా రెండో ఏడాది.