దోషమెక్కడ నున్నది?

శ్రీకాకుళము జిల్లాలో, వంశధారానది యెడమగట్టున, శ్రీముఖలింగమను గ్రామము కలదు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములచే ఇది ప్రసిద్ధి కెక్కినది. ఇచ్చటి శాసనములను చదివి, తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఈ గ్రామమే యని నిరూపించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వారు 1863వ సంవత్సరమున ఈ సమీపముననే పర్వతాలపేటలో జన్మించిరి. ఉపాధ్యాయవృత్తిలో నుండియే ప్రాచీనలిపిని స్వయంకృషిచే నేర్చుకొనిరి. శాసనమున ఒక్క అక్షరమును తప్పుగా చదివినచో రాజు పేరు మారవచ్చును. ఒక్క అంకె తప్పినచో కాలము మారవచ్చును.

శిలపై చెక్కిన అక్షరములను ఎండయు వానయు క్రమక్రమముగా అరగదీయుచుండును. కావున వానికి స్పష్టమైన ఛాయాచిత్రములు తీసి భద్రపరచుట మేలు. కాని ఆ చిత్రమే మసకగా వచ్చినచో చదువువానికి శిల అరిగినదో, కెమేరా చెడినదో తెలియదు. అట్టి చిత్రము సహాయము చేయుటకు మారుగా పొరపాటునకు దారి తీయును.

చిత్రము మసకబారగానే చాలమంది "లెన్సు చెడిపోయినది" అని నిశ్చయింతురు. లెన్సు అనగా కటకము. ఇది శిలనుండి వచ్చు కాంతిని సమకూర్చి, వెనుకనున్న సెన్సారు అను పలకపై ప్రతిబింబమును ఏర్పరచును. ఐతే ఛాయాచిత్రము కటకమొక్కటి చేయు పని కాదు. వెలుతురు, కెమేరాను పట్టిన చేయి, నిలిపిన కోణము, కటకము, సెన్సారు, ఇవన్నియు కలిసినగాని చిత్రము రాదు. దోషము వీనిలో దేనియందైనను ఉండవచ్చును.

దీపము సరిగా వెలుగనప్పుడు చమురును, వత్తిని, ప్రమిదను ఒక్కమారే మార్చినచో దీపము వెలుగవచ్చును గాని, లోపమెందున్నదో తెలియదు. ఒక్కొక్కసారి ఒక్కదానినే మార్చి చూడవలెను. కెమేరా విషయమునను ఇదియే సూత్రము.

మొదట కటకపు ముందుభాగమును చూడుము. చేతివ్రేలి జిడ్డు అంటినచో చిత్రమంతయు పాలిపోయి, దీపముల చుట్టును తెల్లని వెలుగు వ్యాపించును. చేతిఫోను కెమేరాలలో తరచుగా కనబడు లోపమిదియే. రబ్బరుబుడ్డితో గాలి ఊది ధూళిని తొలగించి, పిదప మెత్తని శుభ్రమైన గుడ్డతో తేలికగా తుడువవలెను. ధూళి ఉండగానే తుడిచినచో ఇసుకరేణువులు గాజును గీయును. చల్లనిగదిలో నుంచిన కెమేరాను సముద్రతీరపు తేమగాలిలోనికి తెచ్చినప్పుడు కటకముపై ఆవిరి పట్టును. ఇది దోషము కాదు. కెమేరాను సంచిలోనే కొంతసేపు ఉంచి, బయటివేడికి అలవడనిచ్చినచో ఆవిరి పట్టదు.

రెండవది చేతివణకు. మండపములలో వెలుతురు తక్కువ కనుక కెమేరా ఎక్కువసేపు కాంతిని గ్రహింపవలసి వచ్చును. అంతలో చేయి కదలినచో అక్షరములన్నియు ఒకే దిశకు సాగినట్లు కనబడును. కెమేరాను మూడుకాళ్ల స్టాండుపై నిలిపి, తాకకుండ చిత్రము తీసి చూడుము. మసక పోయినచో కటకము నిర్దోషి.

మూడవది ఫోకసు. బల్లపై అయిదు చింతపిక్కలను ఒకదానివెనుక నొకటిగా, కొంచెము ఎడముగా పేర్చి, నడిమి పిక్కపై ఫోకసు నిలిపి చిత్రము తీయుము. నడిమిదానికి మారుగా ముందుదో వెనుకదో స్ఫుటముగా కనబడినచో ఫోకసు తప్పుచున్నదన్నమాట. చేతితో ఫోకసు సరిచేసి మరల తీసినప్పుడు చిత్రము బాగుగా వచ్చినచో గాజు మంచిదే. తానుగా ఫోకసు చేయు ఏర్పాటును సరిచేయింపవలెను.

ఇక మిక్కిలి చిక్కైన సందర్భము. శాసనమునకు చిత్రము తీయగా కుడివైపు స్పష్టముగాను, ఎడమవైపు మసకగాను వచ్చినదనుకొందము. కటకములోని ఒక గాజు ప్రక్కకు ఒరిగియుండవచ్చును. లేదా కెమేరాను శిలకు సమాంతరముగా నిలుపక పోయియుండవచ్చును. దీనిని తేల్చుటకు తేలికయైన ఉపాయము కలదు. నిలిపిన చోటును, కోణమును మార్చక, కెమేరాను తలక్రిందులు చేసి అదే శాసనమును మరల తీయుము. ఇప్పుడు శాసనపు కుడివైపు మసకబారినచో దోషము కెమేరాతో పాటు తిరిగినది. కావున అది యంత్రములోనిదే. మునుపటివలె ఎడమవైపే మసకగా ఉన్నచో దోషము నిలిపిన తీరులో నున్నది. యంత్రములోనిదని తేలినచో, వీలున్నయెడల వేరొక కటకమును తగిలించి చూడుము. మసక పోయినచో మొదటి కటకమే కారణము.

అన్ని చిత్రములలోను ఒకేచోట నల్లని చుక్క కనబడి, కటకము మార్చినను పోకున్నచో ధూళి సెన్సారుపై నున్నది. కాంతిద్వారమును చిన్నది చేసినకొలది చిత్రము ఉండవలసిన దానికంటె తెల్లబారినచో, ఆ ద్వారమును మూయు సన్నని రేకులు జిడ్డుపట్టి అంటుకొనుచున్నవని సందేహింపవలెను.

మన తీరప్రాంతమున కటకమునకు పెద్ద శత్రువు బూజు. కటకమును విడదీసి, వెనుకనుండి టార్చిలైటు వేసి చూచినచో, సాలెగూటి దారములవంటి సన్నని కొమ్మలు లోపల కనబడును. తేమయు చీకటియు దీనికి ప్రియములు. ఉపేక్షించినచో ఇది గాజుపైని పూతను తినివేయును. లోపలి బూజును తొలగించుట నేర్పరియైన మరమ్మతుదారు పని. కటకమును గాలి చొరని డబ్బాలో, తేమను పీల్చు సిలికాజెల్ పొట్లములతో ఉంచుటయు, తరచుగా వెలుతురులోనికి తీసి వాడుటయు మన పని.

పరీక్షను లక్ష్యపెట్టక పోయినచో ఏమగునో ఒక మహాయంత్రపు చరిత్ర తెలుపుచున్నది. 1990 ఏప్రిలులో అమెరికావారు హబుల్ అను దూరదర్శినిని అంతరిక్షమునకు పంపిరి. దాని ప్రధానదర్పణపు వెడల్పు 2.4 మీటర్లు. కాని చిత్రములు మసకగా వచ్చినవి. దర్పణపు అంచు ఉండవలసిన దానికంటె సుమారు 2.2 మైక్రానులు, అనగా మిల్లీమీటరులో వేయవవంతులు రెండింటికి కొంచెము మించి, పల్లముగా నున్నదని తేలినది. దర్పణమును పరీక్షించు పరికరములోనే ఒక కటకమును 1.3 మిల్లీమీటర్లు తప్పుగా అమర్చిరి! నిర్మాణసమయముననే వేరొక పరీక్ష ఈ దోషమును చూపినది. ఆ పరికరము అంత సూక్ష్మమైనది కాదని దానిని త్రోసివేసిరి. పిదప మసకచిత్రములనే శ్రద్ధతో పరిశీలించి, దోషపు పరిమాణమును లెక్కకట్టి, 1993 డిసెంబరులో వ్యోమగాములు దానిని సవరించు అమరికలను బిగించిరి. చెడిన చిత్రమే చికిత్సకు దారి చూపినది.

కనుక మసకచిత్రమును వెంటనే పారవేయరాదు. ఏ పరీక్షలో ఏమి మార్చితిమో, ఏమి కనబడినదో ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మరమ్మతుదారునకు కెమేరాతో పాటు ఆ చిత్రములను, ఆ పుస్తకమును చూపినచో అతని శ్రమయు మన ధనమును మిగులును. శాసనమును చిత్రించువాడు స్థలమును విడుచుటకు ముందే చిత్రమును పెద్దది చేసి, నాలుగు మూలలను అక్షరమక్షరముగా చూచుకొనవలెను. శ్రీముఖలింగమునకు రాలేని పరిశోధకుడు రేపు ఆ చిత్రమునే నమ్మి చదువును.